కష్టాల సెట్టు, అద్దెకు

మా టెంట్ హౌస్ వ్యాపారంలో ఒక సౌకర్యం ఉంది. ప్రభుత్వం ఏం చేయబోతోందో జనానికంటే ముందు మాకు తెలుస్తుంది. పట్టు సోఫాలు ఎన్ని కావాలన్నారో దాన్నిబట్టి పథకం ఎంత పెద్దదో చెప్పేస్తాను. ప్లాస్టిక్ కుర్చీలు ఎన్ని చాలన్నారో దాన్నిబట్టి అది ఎంతమందికి అందుతుందో చెప్పేస్తాను. నా పేరు తాతబ్బాయి. చివరిలంకలో భ్రమరాంబ టెంట్ హౌస్ నాదే. పెళ్లికీ, దినానికీ, మంత్రిగారి సభకీ ఒకటే షామియానా వేస్తాను. అంచున వేలాడే ఝాలరు మాత్రం మారుస్తాను.

‘పట్టుకొమ్మ’ పథకం ప్రారంభానికి వేదిక నిండా సోఫాలు అడిగారు. మంచం పట్టిన ముసలివాళ్లకీ, వికలాంగులకీ ప్రభుత్వమే జీతమిచ్చి ఇంటికో సంరక్షకురాలిని పంపుతుంది. ఆవిడ పొద్దున వచ్చి సాయంత్రం దాకా ఉంటుంది. మైకు దగ్గర నిలబడి ప్రతి మాటా విన్నాను కనక చెబుతున్నాను, మాటల్లో ఏ లోపమూ లేదు. దీర్ఘకాలిక సంరక్షణ, స్వావలంబన శాఖ ప్రత్యేకాధికారి దివాకరం గారు, "వార్ధక్యం సమస్య కాదు, అదొక అవకాశం. ఆ అవకాశాన్ని చివరి లబ్ధిదారు దాకా చేర్చడమే మా శాఖ సంకల్పం" అన్నారు. ఆయన పక్కన రెండు కూలర్లు పెట్టాం. లబ్ధిదారులు ఎండలో కూర్చున్నారు. షామియానా వాళ్లదాకా రాలేదు. అది నా తప్పు కాదు, ఆర్డరు వేదికకే ఇచ్చారు.

ఆ సభకి రాలేనివాళ్లలో మా పక్కింటి వీరవేణమ్మ ఒకతె. పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. నోరు మాత్రం రెండువైపులా పనిచేస్తుంది. కొడుకు లారీ ప్రమాదంలో పోయాడు. కోడలు పద్మ రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసే పనికి పోతుంది. తెల్లారగానే కంపెనీ బస్సు ఎక్కితే దీపాలు పెట్టే వేళకి దిగుతుంది. వెళ్లేముందు అత్తగారి కింద పాత చీరలు మడతలు పెట్టి, ఎడమ చేతికి అందేలా నీళ్ల సీసా పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళుతుంది. ఆ చీరలు మళ్లీ మారేది సాయంత్రమే. తడిలో పడుకుని పడుకుని ముసలామె నడుం కింద పుళ్లు పడ్డాయి. పద్మ ఒకటి రెండుసార్లు పని మధ్యలో ఆటో ఎక్కి వచ్చేసింది. సూపర్‌వైజరు, "ఇంకోసారి మధ్యలో ఎళ్లావంటే బస్సులో నీ సీటు ఇంకోళ్లకిచ్చేత్తాను" అన్నాడు. ఆ జీతం తప్ప ఆ ఇంటికి మరో ఆధారం లేదు.

అందుకని సర్వే అమ్మాయి వస్తుందని తెలిసిన రోజు పద్మ సెలవు పెట్టి మరీ కూర్చుంది. నన్ను సాక్ష్యానికి పిలిచింది.

సర్వే అమ్మాయి పేరు ప్రవల్లిక. మంచి పిల్ల. చెప్పులు బయట విడిచి, మామ్మగారికి దణ్ణం పెట్టి, ట్యాబ్ తీసింది.

"మెట్లెక్కడంలో కష్టం ఉందాండి?"

పద్మ చుట్టూ చూసింది. "మెట్లెక్కడున్నాయమ్మా? పూరిల్లు కదా ఇది."

"లేవా? అయితే ‘వర్తించదు’. షవరు కింద నిలబడటంలో?"

"షవరు లేదమ్మా. బకెట్టూ చెంబూ."

"వర్తించదు. భోజనాల బల్ల దగ్గర కూర్చోవడంలో?"

"బల్లెక్కడిదే?" అంది వీరవేణమ్మ మంచం మీంచి. "నన్ను కూకోబెడితే పక్కకి ఒరిగిపోతన్నాను. అది రాసుకో."

"అది బల్ల దగ్గరైతేనే రాయాలండి మామ్మగారూ. చొక్కా బొత్తాలు పెట్టుకోవడంలో? లిఫ్టు ఎక్కడంలో? మంచం ఎత్తు మార్చే రిమోటు నొక్కడంలో?"

నులక మంచం కిర్రుమంది. ఆ ప్రశ్నలు ఎక్కడో చలిదేశం నుంచి తెప్పించారని తర్వాత తెలిసింది. అక్కడి ముసలివాళ్లకి మెట్లున్నాయి, షవర్లున్నాయి, వాటివల్ల కష్టాలున్నాయి. మన శాఖ ఆ ప్రశ్నలని చెక్కుచెదరకుండా తెలుగు చేయించింది.

ట్యాబ్ చిన్న గంట కొట్టింది. తెర పచ్చబడింది. ‘సంపూర్ణ స్వావలంబి. అభినందనలు’ అని వచ్చింది.

"అంటే ఏటమ్మా?" అంది పద్మ.

"వర్తించదు అంటే కష్టం లేనట్టేనండి. మామ్మగారికి ఏ కష్టమూ లేదు." చెబుతూ ప్రవల్లిక తల దించుకుంది. ఆమె ముక్కుకి ఆ మంచం దగ్గరి వాసన తగలకపోలేదు.

"తాతబ్బాయ్," అంది వీరవేణమ్మ, "నన్నోసారి లేపి నిలబెట్టరా. ఆ ప్రశ్నలు రాసినోడింటికి నడిచెళ్లి రెండు తగిలించొత్తాను."

అదే వారం రైసుమిల్లు పేర్రాజు గారికి సంరక్షకురాలు మంజూరైంది. ఆయనకి డెబ్బై దాటినా పొద్దున్నే కాలవగట్టు మీద చేతులూపుకుంటూ నడుస్తాడు. కానీ వాళ్లింట్లో పాలరాతి మెట్లు జారుతున్నాయట, గీజరు మీట గట్టిగా ఉందట, కారు డోరు ఎత్తుగా ఉందట. ఆ మనిషికి ఒళ్లంతా కష్టాలే. వచ్చిన సంరక్షకురాలు వాళ్ల కుక్కని తిప్పుతోంది.

నాకు ఒళ్లు మండింది. పద్మని వెంటబెట్టుకుని దివాకరం గారి ఆఫీసుకి వెళ్లాను. వృద్ధుల, వికలాంగుల సంక్షేమం చూసే ఆ ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. పైకి చేరేసరికి నాకే ఆయాసం వచ్చి, ముందు ఆ సంగతే అడిగాను.

"ఇది యాదృచ్ఛికం కాదు" అన్నారు దివాకరం గారు. "ఇన్ని మెట్లెక్కి వచ్చి ‘నేను మెట్లెక్కలేను’ అని అర్జీ ఇచ్చేవారిని గుమ్మంలోనే గుర్తించగలుగుతున్నాం. అనర్హుల ఏరివేతలో మా జిల్లా ముందంజలో ఉంది."

"మరి నిజంగా ఎక్కలేనోళ్లండీ?"

"వారు ఇప్పటివరకు ఎవరూ రాలేదు. అంటే వారికి ఫిర్యాదులేవీ లేవన్నమాట."

పద్మ దణ్ణం పెట్టింది. "బాబూ, మా అత్త పక్కకి తిరగలేదు. ముద్ద తీసి నోట్లో పెట్టుకోలేదు. పగలంతా తడిలోనే ఉంటది. ఎవరో ఒకరు చూడకపోతే ఆ పుళ్లు మానవు. నేను చూడ్డానికి కూకుంటే ఇద్దరం పస్తులుంటాం."

దివాకరం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. జాలిపడుతున్నారేమో అనుకున్నాను. "అమ్మా, మీరు భావోద్వేగంతో మాట్లాడుతున్నారు. శాఖ సూత్రబద్ధంగా ఆలోచిస్తుంది. కష్టం అనేది వసతికి అనుబంధం. వసతి లేనిచోట కష్టానికి ఆస్కారం ఏది? మెట్లు లేని మనిషి మెట్లవల్ల బాధపడుతున్నట్టు నేను ధ్రువీకరిస్తే రేపు ఆడిట్ వారు నన్ను అడగరా? మెట్లుండి, ఎక్కలేకపోతే అప్పుడు రండి. శాఖ తలుపులు తెరిచే ఉంటాయి."

నిజమే, తలుపులు తెరిచే ఉన్నాయి. గొళ్లెం ఊడిపోయింది.

దిగి వస్తుంటే నాకు నా గోడౌను గుర్తొచ్చింది. అందులో వేదిక ఎక్కే ఇనప మెట్లున్నాయి. ఎర్ర తివాచీ కూడా అతికించి ఉంది.

మర్నాడు వాటిని తెచ్చి వీరవేణమ్మ ఇంటి చూరుకి ఆనించాను. ఎక్కితే తాటాకు తలకి తగులుతుంది, అంతకుమించి పైన ఏమీ లేదు. పెళ్లి భోజనాల బల్ల ఒకటి మంచం పక్కన ఇరికించాను. వంటవాళ్లు వాడే డ్రమ్ముకి గొట్టం తగిలించి, దాని చివర పూలకుండీలకి నీళ్లు పోసే జల్లెడ మూతి బిగించి షవరు చేశాను. నా పాత చొక్కా ఒకటి పద్మకిచ్చి, "సర్వే పూర్తయ్యేదాకా మీ అత్తకి చీర మీద తొడుగు" అన్నాను.

"పెళ్లికి కూడా ఇన్ని లేవురా నాకు" అంది వీరవేణమ్మ.

మెట్లొచ్చాయని కబురంపితే ప్రవల్లిక మళ్లీ వచ్చింది. మెట్లని చూసింది. చూరుని చూసింది. నన్ను చూసింది. "ఈ మెట్లు ఎక్కడికి వెళతాయండి?"

"పైకమ్మా" అన్నాను.

ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, "ఎక్కడికి అనే ప్రశ్న ఇందులో లేదులెండి" అని మీట నొక్కింది. చెప్పానుగా, మంచి పిల్ల. తెర ఎర్రబడింది. ‘తీవ్ర పరాధీనత. సంరక్షకురాలు మంజూరు’ అని వచ్చింది. పద్మ ఆ ఎర్ర తెరని కళ్లకద్దుకుంది.

ఊళ్లో ఇలాంటివి దాగవు. మర్నాటికి నా గోడౌను ముందు మంచం పట్టినవాళ్ల తాలూకు జనం బారులు తీరారు. పోలియో కొడుకున్న తల్లి, చూపు పోయిన మొగుడున్న ఆవిడ, నడుం విరిగిన తాపీమేస్త్రీకి అన్నగారు. అందరి ఇళ్లూ వసతులు లేక సుఖంగా ఉన్నాయి. అందరికీ అర్జంటుగా కష్టాలు కావాలి. నేను బోర్డు మార్చాను: ‘ఇచ్చట కష్టాల సెట్టు అద్దెకు ఇవ్వబడును.’ చిన్న సెట్టులో మెట్లు, బల్ల. పెద్ద సెట్టులో షవరు, చొక్కా, తిరిగే కుర్చీ అదనం. లిఫ్టు కావాలన్నవాళ్లకి మాత్రం అట్టపెట్టెకి రెండు మీటలు గీసిచ్చాను. ఊరికే ఇచ్చానని అబద్ధం చెప్పను. పెళ్లిళ్ల సీజను కాదు మరి.

సర్వే ఏ వీధిలో ఉంటే మెట్లు ఆ వీధికి వెళ్లేవి. ఒక ఇంట్లో అమ్మాయి మీట నొక్కుతుంటే పెరటి దారిన అవే మెట్లు పక్కింట్లోకి దిగేవి. ఎర్ర తివాచీ ఊరంతా తిరిగి మట్టిరంగుకొచ్చింది.

ఇలా వీరవేణమ్మ ఇంటికి సంరక్షకురాలు వచ్చింది. పేరు సుగుణ. తెల్లచీర, మెళ్లో శాఖ గుర్తింపు కార్డు, చేతిలో ఫోను. పద్మ పాత చీరల కట్ట, మందు డబ్బా, గంజి గిన్నె అన్నీ చూపించి, నిశ్చింతగా బస్సెక్కింది. ఎన్నాళ్లకో ఆ పిల్ల మొహాన నవ్వు చూశాను.

సాయంత్రం దిగి వచ్చేసరికి చీరలు పొద్దున వేసినవే ఉన్నాయి. గంజి గిన్నె మూత పెట్టినట్టే ఉంది. వీరవేణమ్మ ఒంటి మీద మాత్రం నా చొక్కా, బొత్తాలన్నీ పెట్టి ఉంది.

"ఏటి సుగుణా ఇది?" అంది పద్మ.

సుగుణ బిక్కమొహం వేసింది. "మాకు డ్యూటీ చార్టు ఇత్తారక్కా. ఏ కష్టానికి మంజూరైతే ఆ పనే చెయ్యాలి. మెట్లెక్కించాలి, బల్ల కాడ కూకోబెట్టాలి, బొత్తాలెట్టాలి. ప్రతిదానికీ ఫోటో తీసి పంపాలి. చీరలు మార్చడం అందులో లేదు. నేను మారిత్తే ఆ టైములో మెట్లెందుకు ఎక్కించలేదని కోత ఏత్తారు."

"గంజయినా పట్టొచ్చుగా తల్లీ?"

"బల్ల కాడే పట్టాలంటక్కా. కూకోబెడితే ఒరిగిపోతందీవిడ."

ఆ రోజునుంచి పొద్దున్నే ఒక తతంగం జరిగేది. ఫోటోల కోసం నా మెట్లు ఇప్పుడు సుగుణ వెంటే ఇల్లిల్లూ తిరిగేవి. సుగుణ వీరవేణమ్మని చంకల కింద చేతులేసి లేపి, ఆయాసపడుతూ, ఒక్కొక్క మెట్టే ఎక్కించి, చూరు కింద తల వంచి నిలబెట్టి, ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో ఫోటో తీసేది. జీవితంలో మెట్టెక్కని మనిషిని, అన్నీ పడిపోయాక, రోజూ తాటాకు దాకా ఎక్కించి దించేవారు. పైనుంచి ఆవిడ తిట్టే తిట్లు వీధి చివరిదాకా వినిపించేవి. అవి ఇక్కడ రాయను, ఆడపిల్లలు కూడా చదువుతారు. సుగుణ పాపం చార్టు పూర్తయ్యాక దొంగతనంగా రెండు చెంచాల గంజి పట్టేది. అంతకుమించి చెయ్యడానికి వీల్లేదు, ఇంటికో సంరక్షకురాలని పేరేగానీ ఆవిడకి ఇంకా మూడు ఇళ్ల మెట్లు మిగిలి ఉండేవి.

కొన్నాళ్లకి శాఖనుంచి కాగితం వచ్చింది. ‘సదరు లబ్ధిదారు ప్రతిదినము మెట్లు ఎక్కుచున్నట్లు ఛాయాచిత్రముల ద్వారా రుజువైనందున, కష్టము తొలగినట్లు భావించి, సంరక్షకురాలిని ఉపసంహరించడమైనది. లబ్ధిదారుకు స్వావలంబన పురస్కారము ప్రకటించడమైనది.’

పద్మ ఆ కాగితం నాచేత రెండుసార్లు చదివించుకుంది. "కష్టం ఎక్కడికి తొలిగింది అన్నయ్యా? పుండు చెయ్యంతైంది" అంది. దాన్ని తొలగించే సామాను నా గోడౌనులో లేదు.

పురస్కార సభకి షామియానా నాదే. ఈసారి సోఫాలతోపాటు పెళ్లికూతురు కూర్చునే ఎర్ర మఖమలు కుర్చీ కూడా అడిగారు. ఆ రోజు సెలవు పెడితే ఇంక రానక్కర్లేదని సూపర్‌వైజరు చెప్పడంతో పద్మ రాలేకపోయింది. శాఖ వాళ్లే వ్యాను పంపి వీరవేణమ్మని తీసుకొచ్చారు. నలుగురు ఉద్యోగులు మోసుకుంటూ వేదిక ఎక్కించారు. "నిరంతర సాధనతో మెట్లను జయించిన మహిళ" అని మైకులో చెబుతుండగా, ఆవిడని మఖమలు కుర్చీలో పెట్టి, ఒరిగిపోకుండా పూలదండల కట్టతో ఆనించారు. కింద చుట్టుపక్కల ఊళ్ల ముసలివాళ్లని పొద్దుటినుంచీ కూర్చోబెట్టారు. మంత్రిగారు మధ్యాహ్నానికి వచ్చారు.

దివాకరం గారు చాలాసేపు మాట్లాడారు. "సంరక్షణ అంటే చేయందించడం కాదు, చేయి వదిలేయడం" అన్నారు. చప్పట్లు. "వీరవేణమ్మ గారు తమ అనుభవాలు పంచుకుంటారు" అని మైకు ఆవిడ మూతి దగ్గర పెట్టమని నాకు సైగ చేశారు.

పెట్టాను.

వీరవేణమ్మ జనాన్ని చూసింది. గొంతు సవరించుకుంది. "నాకు ఒంటేలుకెళ్లాలి" అంది. నాలుగు బాక్సుల్లోంచీ వినిపించింది.

వేదిక మీద అందరూ చిరునవ్వుతోనే ఉన్నారు. చిరునవ్వు మొదలెట్టాక ఆపడం ఎలాగో వాళ్లకి తెలియలేదు.

"ఇందాకట్నుంచీ ఆపుకుంటన్నాను. ఎవరన్నా తీసుకెళ్లండి."

దివాకరం గారు పక్కాయన్ని చూశారు. పక్కాయన వెనకాయన్ని చూశాడు. సంరక్షణ శాఖ సిబ్బంది మొత్తం వేదిక మీదే ఉంది. ఒక్కరి చెయ్యీ లేవలేదు. "సంబంధిత సిబ్బంది గమనించవలసిందిగా..." అని దివాకరం గారు ఎవరినో ఉద్దేశించి అన్నారు. సంబంధిత సిబ్బంది సుగుణ. ఆవిడని ఉపసంహరించారు.

కాసేపటికి వీరవేణమ్మ అంది, "సరే, అక్కర్లేదులెండి. అయిపోయింది."

మఖమలు రంగు మారింది. వేదిక చెక్కల సందుల్లోంచి కిందకి చుక్కలు పడ్డాయి. "ఇంటికాడా రోజూ ఇంతే," అంది. "మా పద్మ పొద్దోయాక వత్తది. అందాకా ఇలాగే ఉంటాను."

"మైకు కట్టెయ్" అన్నారు దివాకరం గారు నావైపు తిరిగి. నాకు ఏడుపొచ్చింది. కట్టలేదు.

కింద కుర్చీల్లోంచి ఒక ముసలాయన చెయ్యెత్తాడు. "నాకూ ఎళ్లాలండీ. పొద్దుట్నుంచీ." తర్వాత ఒకావిడ. తర్వాత చూపులేని మనిషి, ఎటు చూపాలో తెలీక చెయ్యి నిలువుగా పైకెత్తాడు. షామియానా కింద వరసలన్నిట్లో చేతులు లేచాయి. వాళ్లని తీసుకెళ్లడానికి మనుషులు లేరు. తీసుకెళ్లడానికి చోటు కూడా లేదు. మరుగుదొడ్డి కట్టమని ఆర్డరు ఎవరూ ఇవ్వలేదు.

"వందన సమర్పణ!" అని అరిచి దివాకరం గారు వేదిక దిగిపోయారు.

దాని ఫలితం లేకపోలేదు. శాఖ వెంటనే స్పందించింది. సభల్లో లబ్ధిదారులకు మైకు ఇవ్వరాదని ఉత్తర్వు వచ్చింది. మఖమలు కుర్చీలకి ప్లాస్టిక్ కవర్లు వేయాలని ఇంకో ఉత్తర్వు వచ్చింది. ప్రశ్నల్లో కూడా సంస్కరణ తెచ్చారు.

ఆ రోజు తడిబట్టల్లోనే కూర్చున్నందుకు వీరవేణమ్మకి జ్వరం పట్టుకుంది. పుండు చీము పట్టింది. పద్మ వరసగా ఫ్యాక్టరీ మానేసింది. బస్సులో సీటు ఇంకొకరికి ఇచ్చేశారు. ఇప్పుడు పగలంతా అత్తగారి దగ్గరే ఉంటోంది. గంటకోసారి పక్కకి తిప్పుతుంది, చీరలు మారుస్తుంది, గంజి పడుతుంది. ఇల్లు చేబదుళ్ల మీద నడుస్తోంది.

ప్రవల్లిక కొత్త ప్రశ్నలతో వచ్చిన పూట నేను అక్కడే ఉన్నాను. పద్మ అత్తగారిని ఎత్తి కూర్చోబెడుతోంది. ఒక చెయ్యి తన నడుం మీద వేసుకుని, పళ్లు బిగబట్టి.

"ఈసారి ఒకటే ప్రశ్నండి" అంది ప్రవల్లిక. "ఇంట్లో చూసుకునేవాళ్లు ఉన్నారా?"

"ఉన్నాను" అంది పద్మ.

గంట మోగింది. తెర పచ్చబడింది. చివరిలంకలో సంరక్షణ అందని వృద్ధులు ఎవరూ లేరని ఆ సాయంత్రమే దివాకరం గారు పైకి నివేదిక పంపారట. ఖర్చు లేకుండా సాధించిన జిల్లాగా పేరొచ్చిందని తర్వాత విన్నాను.

"కష్టం ఉందని నాది కూడా రాసుకోమ్మా" అంది పద్మ. "ఎత్తీ ఎత్తీ నడుం పోతంది. ఉన్న పనీ పోయింది."

"మీ కష్టానికి ఇందులో చోటు లేదక్కా" అంది ప్రవల్లిక. "ముసలివాళ్లకీ, మంచం పట్టినవాళ్లకీ మాత్రమేనట."

వీరవేణమ్మ ఎడమ చెయ్యి చాపి ఆ పిల్లని మంచం పక్కన కూర్చోమంది.

"అయితే కూకో తల్లీ," అంది. "ఇది నన్ను ఎత్తి దించుతుంటే చూత్తా కూకో. ఇదీ మంచాన పడితే దీని పేరూ రాసుకుందువు. ఎంతోసేపు పట్టదు."